గాలి నిలిచిన మూడు రోజులు

గాలి లేదు.

పడవ ముందున్న జెండా తడిబట్టలా వేలాడుతోంది. సముద్రం మీద ఒక్క ముడత లేదు. ఎండ వచ్చి నీళ్ళ మీద కూర్చుంది — లేచి వెళ్ళే ఉద్దేశం లేని చుట్టంలా.

అక్టోబరు మొదటి వారం. జపాను దక్షిణపు కొసనున్న మియాకో దీవుల్లో ఇవి రెండు గాలుల మధ్య రోజులు. వేసవంతా వీచి వీచి దక్షిణపు గాలి అలసి పడుకుంది. చలిని మోసుకొచ్చే ఉత్తరపు గాలి ఇంకా బయలుదేరలేదు. దాన్ని ఇక్కడివాళ్ళు 'కొత్త ఉత్తరం' అంటారు. అది వచ్చిన రోజు ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. చెవి అంచులు చల్లబడతాయి. చెరకు తోటలు ఒక్కసారిగా ఒత్తిగిలి పడుకుంటాయి. ఎక్కడెక్కడి గద్దలో గుంపులు గుంపులుగా వచ్చి దీవి మీద వాలి, మర్నాడు దక్షిణానికి లేచిపోతాయి.

ఈ ఏడు అది రాలేదు.

చెరకు కదల్లేదు.

గద్దలు రాలేదు.

నీళ్ళు మాత్రం — నూనెలా, నిండుగా, ఊపిరి బిగబట్టినట్టు...

చినామి పడవ నిచ్చెన మీద, నడుము లోతు నీళ్ళలో నిలబడి తల వంచింది. పైనుంచి మామ హెల్మెట్ ఎత్తి ఆమె భుజాల మీద దించాడు. పైన ఉన్నంతసేపూ అది మెడలు విరిచే బరువు. నీళ్ళలో మునిగితే దూదిపింజ. తల చుట్టూ గాజు కిటికీ ఉన్న చిన్న గది. గొట్టంలోంచి గాలి ఆ గదిలోకి దిగుతుంది. భుజాల దగ్గర బుడగలై బయటికి పోతుంది. మెడ కింద సముద్రం. మెడ పైన ఊపిరి. జుట్టు కూడా తడవదు.

పదహారేళ్ళుగా ఆమె పని అదే. ఈత రాని సందర్శకుల చెయ్యి పట్టుకుని, పగడపు దిబ్బ పక్కన, ఇసుక మీద, సముద్రం అడుగున నడిపించడం.

రెండున్నర బారల లోతు. ఇరవై నిమిషాల నడక. అతిథులెందరున్నా గొట్టాలన్నీ పైన గాలి పంపే ఒకే యంత్రానికి. ఆ యంత్రం పక్కన ఒక స్టూలు. ఆ స్టూలు మీద మామ.

గెన్సే ఆమెకు మేనమామ. తల్లికి తమ్ముడు. అరవై తొమ్మిదేళ్ళు. వయసులో ఉండగా వలవేటకు మునిగేవాడు. ఊపిరి బిగబట్టి పది బారల లోతుకు దిగి, చేపల మందను గొర్రెల్ని తోలినట్టు వలలోకి తోలేవాడు. అక్క పోయాక నాలుగేళ్ళ చినామిని వీపున కట్టుకుని రేవుకు వెళ్ళేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరన్నా అడిగితే, "ఒక ఆడదాని ఏడుపే వినలేక చస్తున్నా, రెండోదాన్ని ఎక్కడ తెచ్చుకోను?" అనేవాడు, వీపు మీది పిల్లను ఎగేసి సర్దుకుంటూ.

ఆయన పైన ఉంటే ఆమె కింద ఊపిరి గురించి ఆలోచించదు.

చేప నీళ్ళ గురించి ఆలోచించనట్టు.

యంత్రాన్ని తిప్పే పెట్రోలు ఇంజను పడవ వెనక భాగంలో ఉంటుంది. దాని పొగ అక్కడినుంచే బయటికి పోతుంది. గాలిని పీల్చుకునే గొట్టం పడవ ముందు, ఒక వెదురు గడ చివర. నిచ్చెన ఇసుక మీంచి జరక్కుండా ముందూ వెనకా రెండు లంగర్లు వేసి పడవను కట్టేస్తారు. కాబట్టి పడవ గాలినిబట్టి తిరగదు. దక్షిణపు గాలి ముందునుంచి వీచి పొగను వెనక్కి ఊడ్చేస్తుంది. కొత్త ఉత్తరం మొదలైన రోజు మామ లేచి, వెదురు గడ విప్పి, రెండో వైపుకు మార్చి కడతాడు. ఏటా అంతే.

గాలే లేని రోజున?

పొగ ఎటూ పోదు. పడవ చుట్టూ తిరుగుతుంది. ఎండకు కట్టిన గుడారపు గుడ్డ కింద చేరి, పాములా ముందుకు పాకుతుంది. కంటికి కనిపించేంత ఉండదు. దాన్ని పట్టుకోగలిగేది ఒక్కటే.

ముక్కు.

గెన్సే ముక్కు సంగతి రేవంతటికీ తెలుసు. వాన అరగంట ఉందనగా చెప్పేవాడు. కళ్ళు మూసుకుని వాసన చూసి, బుట్టలో ఏ చేప నిన్నటిదో ఏది ఇవాళ్టిదో విడదీసేవాడు. చేపలమ్మే ఆడవాళ్ళు ఆయన వస్తుంటే బుట్టల మీద మూతలు పెట్టేవాళ్ళు.

ఆ ముక్కు పోయి తొమ్మిది నెలలైంది.

ఆ సంగతి చినామికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

జనవరిలో ఆయనకు జ్వరం తగిలింది. వారం రోజులు మంచం మీద. తగ్గాక ఒక మధ్యాహ్నం ఆమె చేపల పులుసు పట్టుకుని వెళ్ళింది. తలుపు తీయగానే గ్యాసు వాసన మొహాన గుడ్డ వేసి కొట్టినట్టు కొట్టింది. పొయ్యి మీద నీళ్ళు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు బుసకొడుతోంది. మామ పొయ్యికి నాలుగడుగుల దూరంలో చాప మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పెదాల మధ్య సిగరెట్టు.

చేతిలో అగ్గిపెట్టె.

పులుసు గిన్నె ఎప్పుడు వదిలేసిందో ఆమెకు గుర్తు లేదు. అగ్గిపెట్టె లాక్కుంది. పొయ్యి కట్టేసింది. కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఆయన వింతగా చూస్తున్నాడు.

"ఏమైందే? దెయ్యం పట్టిందా?"

"మామా, నీకు వాసన రావట్లా?"

"దేని వాసన?"

నేల మీద పులుసు పారుతోంది. ఆయన దాన్ని చూశాడు, పొయ్యిని చూశాడు, ఆమె చేతిలో నలిగిన అగ్గిపెట్టెను చూశాడు.

"జ్వరం పోయింది," అన్నాడు. "పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. పోనీ. ఊపిరి పోలేదుగా."

"మునెకత గారికి చెప్పాలి," అంది. పడవ ఆయనది.

"చెబితే నన్ను పడవ దింపేస్తాడు."

"దింపితే దిగు. ఇంటిపట్టున కూర్చో."

"కూర్చుని?"

ఆమె వంగి నేల మీది పులుసు తుడవడం మొదలుపెట్టింది.

"కళ్ళున్నాయి పిల్లా. చెంపలున్నాయి. గాలి ఎటు తిరిగినా చెంపకు తెలుస్తుంది. నలభై ఏళ్ళు చెంపతోనే బతికా. ముక్కొక్కటే కాదు మనిషంటే."

ఆయన అన్నది నిజమే. వసంతం గడిచింది. వేసవి గడిచింది. చెంప ఒక్కసారీ తప్పలేదు.

చెంపకు అందని గాలి ఒకటుంటుందని — అసలు గాలే లేకపోవడమని — ఇద్దరికీ తట్టలేదు.

ఆ వేసవిలో ఇంకొకటి జరిగింది. నీళ్ళు కాగాయి. స్నానాల తొట్టిలా, రోజుల తరబడి. జూలై నడిమికి దిబ్బ తెల్లబడింది. ముందు కొనలు. తర్వాత కొమ్మలు. తర్వాత అంతా. వేడికి చచ్చిపోతున్న పగడం, ఎముకలు ఎండబెట్టినట్టు.

అతిథులు పైకొచ్చి, "మంచు కురిసినట్టుందండీ!" అనేవాళ్ళు. "పూత పూసినట్టుంది!" అనేవాళ్ళు.

యజమాని మునెకత ఒసాకా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. "తెల్లగా ఉందంటే, అవునండీ తెల్లగా ఉంది అను," అన్నాడు చినామితో, కళ్ళు కలపకుండా. "ఎందుకని అడిగినవాళ్ళకే చెప్పు."

ఎవరూ అడగలేదు.

ఆమె చెప్పలేదు.

చెప్పకపోవడం కూడా ఒక అలవాటే. మొదటిసారి గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. తర్వాత తర్వాత మెత్తబడుతుంది.

*

గాలి నిలిచిన మొదటి రోజు.

ఒక కుర్రవాడు, కొత్తగా పెళ్ళయినవాడు, నిచ్చెన ఎక్కి వస్తూనే వాంతి చేసుకున్నాడు. కణతలు పట్టుకుని కూర్చున్నాడు.

"సముద్రం పడలేదు మీకు," అంది చినామి.

అతను అద్దంలాంటి నీళ్ళ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"అల కూడా లేదు కదండీ."

ఆమె అతనికి అల్లం బిళ్ళ ఇచ్చింది.

రెండో రోజు.

హెల్మెట్‌లోకి వచ్చే గాలికి వాసన ఉంది. అప్పుడే ఆర్పిన దీపం వత్తి దగ్గర వచ్చేలాంటి వాసన. దాని అడుగున మరేదో — నూనెగా, తియ్యగా. కొత్త గొట్టం వాసనలే అనుకుంది. గొట్టం మార్చి ఆరు వారాలైంది. ఆ సంగతీ ఆమెకు తెలుసు.

కాసేపటికి వాసన పోయింది. వాసన పోయిందా, వాసన తెలిసే మనిషి పోయిందా...

ఉన్నట్టుండి సంతోషం వేసింది.

ఎందుకో తెలియదు. జూలై నుంచి కన్నెత్తి చూడలేకపోయిన దిబ్బ ఆవేళ మెరిసింది. కొమ్మ కొమ్మా వెలిగింది. మిగిలిన నాలుగు చేపలూ పేరంటానికి బయలుదేరినట్టు, తీరిగ్గా, వయ్యారంగా వెళ్తున్నాయి. కాళ్ళు తేలికయ్యాయి. దూరంగా ఎవరో డప్పు కొడుతున్నారు. అది తన గుండె అని పైకి వచ్చాక గానీ తెలియలేదు.

పైన మునెకత ఉన్నాడు, తాళ్ళూ ముడులూ సరిచూసుకుంటూ. మామ ఆమె తల మీంచి హెల్మెట్ తీశాడు.

"మామా, ఇవాళ గాలిలో..."

"గాలిలో?"

మునెకత తలెత్తాడు.

మామ కళ్ళు ఆమె మీద నిలిచాయి. ఆ కళ్ళలో జనవరి నాటి ప్రశ్న అలాగే ఉంది. కూర్చుని?

"ఏం లేదు. ఉక్కగా ఉంది."

"ఉక్కే మరి," అన్నాడు మునెకత, మెడ తుడుచుకుంటూ. "ఉత్తరం వస్తే గానీ ప్రాణం తెరిపిన పడదు."

ఆ సాయంత్రం ఆమె నుదుట్లో ఎవరో మేకులు దిగ్గొట్టారు. అన్నం గిన్నె చేతిలోంచి జారిపోయింది. ముక్కలు ఏరుతూ ఏరుతూ మధ్యలో ఎందుకు వంగిందో మరిచిపోయింది.

మూడో రోజు పొద్దున.

ఇంటినుంచి రేవు దాకా పది నిమిషాల దారి. ఆమె, మామ, పక్కపక్కన. మునెకత ఆ రోజు రానన్నాడు. అడ్డం ఎవరూ లేరు. చెప్పవచ్చు.

చెరకు తోట దాటారు. చెప్పలేదు.

ఐసు ఫ్యాక్టరీ దాటారు. చెప్పలేదు.

"ఏంటే మూగనోము పట్టావు?" అన్నాడు మామ.

"తలనొప్పి."

"నీళ్ళు తాగు. చిన్నప్పుడూ ఇంతే. దాహమేస్తే ఏడ్చేదానివి గానీ నీళ్ళడిగేదానివి కాదు."

చెబితే ఆయన ఆ స్టూలు మీంచి లేవాలి. లేచి ఎక్కడికి వెళ్తాడు? అందుకే చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఉంది. అది ఆమె తనకు తాను కూడా ఒప్పుకోలేదు.

ఇవాళ కూడా ఆ దిబ్బ అలా మెరుస్తుందేమో చూడాలని ఉంది.

*

ఆ రోజు వచ్చింది ఇద్దరే. నీగతా నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. పుట్టింటి ఊరగాయల దుకాణం ఇద్దరే నడుపుతున్నారు. అక్క తత్సుయెకు డెబ్బై రెండేళ్ళు. చెల్లెలు కివకు అరవై ఎనిమిది. పడవ ఎక్కిన దగ్గరనుంచీ కివ నోరు మూతపడలేదు. తత్సుయె చేతిసంచి గుండెలకు హత్తుకుని, నీళ్ళ వైపు చూడకుండా కూర్చుంది.

"నేను రాను. నువ్వెళ్ళు. నేనిక్కడ కూర్చుని చూస్తా."

"పైనుంచి ఏం చూస్తావే అక్కా, నా బుడగలా? యాభై ఏళ్ళుగా ముల్లంగి దుంపల్ని పీపాల్లో ముంచి పైన రాయి పెడుతున్నావే, అవి ఎప్పుడన్నా రానన్నాయా?"

"ఒసే, అవి చచ్చిన దుంపలే."

"మనం మాత్రం ఎంత బతికున్నాం? రా!"

మామ నవ్వాడు. చినామి కూడా నవ్వింది. తత్సుయె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఎన్ని వందల మందికి చెప్పిందో ఆ మాటలు. నిద్రలో లేపినా చెబుతుంది.

"నేను పక్కనే ఉంటానండీ. చెయ్యి వదలను. మీ జుట్టు కూడా తడవదు."

తత్సుయె ఆమె కళ్ళలోకి చూసింది. ఊరగాయ పాళ్ళు చూసే కళ్ళవి. దేనికి ఉప్పు చాలిందో దేనికి చాలలేదో చూపుతోనే తేల్చే కళ్ళు.

"నువ్వు పక్కనుంటావా?"

"ఉంటానండీ."

"సరే అయితే," అంది తత్సుయె. చేతిసంచి గెన్సేకు అప్పజెప్పింది. "తమ్ముడూ, ఇది జాగ్రత్త."

దిగారు.

మొదట తత్సుయె గోళ్ళు చినామి మణికట్టులో దిగబడ్డాయి. కివ అప్పటికే ముందు నడుస్తోంది, ఇసుకను కాలితో ఎగజిమ్ముతూ. వాసన ఉంది. ఆర్పిన దీపం వాసన. నిన్నటి కంటే చిక్కగా. చినామి దాన్ని పీల్చింది. వదిలింది. పీల్చింది.

దిబ్బ మెరిసింది.

అమ్మయ్య, అనుకుంది చినామి. మెరుస్తోంది...

కివ నాట్యం మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళో వేసవి పండుగకు వీధిలో వలయంగా తిరుగుతూ ఆడే నాట్యం. చేతులు పైకి, పక్కకు, మళ్ళీ పైకి. నీళ్ళలో నెమ్మదిగా, కలలో ఆడుతున్నట్టు. గాజు వెనక ఆమె మొహమంతా నవ్వు. పెదాలు ఎర్రగా — అప్పుడే తాంబూలం వేసుకున్నట్టు.

మణికట్టు మీద గోళ్ళు సడలాయి.

భయం పోయింది, అనుకుంది చినామి.

భయం అలా పోదు. మెల్లగా, వెనక్కి చూసుకుంటూ పోతుంది. ఇలా ఒక్కసారిగా, దీపం ఆర్పినట్టు పోదు.

తత్సుయె కూర్చుంది. ఇసుక మీద, సొంత ఇంట్లో చాప మీద కూర్చున్నట్టు. బాగుంది, అనుకుంది చినామి. కూర్చుంది. బాగుంది. తత్సుయె తల ఒక పక్కకు వాలింది. బాగుంది... అంతా బాగుంది...

ఎక్కడో లోపల, చాలా లోపల, ఒక గొంతు. ఈత నేర్పే రోజుల్లో మామ గొంతు.

"చలి వేసిందా, పర్లేదు. భయం వేసిందా, పర్లేదు. సముద్రం అడుగున సుఖంగా అనిపించిందా — పిల్లా, అప్పుడు మాత్రం లేచి పైకొచ్చెయ్!"

ఆమె చెయ్యి పైకి వెళ్ళే తాడు కోసం వెతికింది. అది తన చెయ్యిలా లేదు. తాడు దొరికింది. ఆపద గుర్తుగా మూడుసార్లు లాగింది.

హెల్మెట్ కిందనుంచి తల తప్పించింది. ఉప్పునీళ్ళు మొహాన కొట్టాయి. బుర్ర వేలెడంత తెరుచుకుంది.

ఇద్దరున్నారు.

ఒకరు ఇసుక మీద వాలిపోయారు. ఒకరు నాట్యమాడుతున్నారు.

నవ్వుతున్న మనిషికి ఏం కాదనుకుంది.

వాలిన మనిషి తల మీంచి హెల్మెట్ ఎత్తేసింది. సముద్రం ఆ మొహం మీద మూసుకుంది. తత్సుయె పెనుగులాడలేదు. దుంపల పీపా మీద రాయి ఎంత బరువో ఆ శరీరం అంత బరువు. నిచ్చెన దాకా ఈడ్చింది. పైకి తోసింది. పైన మామ చేతులు అందుకున్నాయి.

తత్సుయె బల్ల మీద పడింది. దగ్గింది. నీళ్ళు కక్కింది.

"పొగ!" అని అరిచింది చినామి. అరిచాననుకుంది. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. "మామా, పొగ... గొట్టంలోకి... పొగ!"

"పొగెక్కడే?"

ఆయన చుట్టూ చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. ఎండ. గుడారపు గుడ్డ. నిలిచిన నీళ్ళు.

అలవాటు కొద్దీ — అరవై తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ — తలెత్తి ముక్కుతో గాలి పీల్చి చూశాడు.

పీల్చి, ఆగిపోయాడు.

ఆమె వైపు చూశాడు. ఆ చూపు చినామికి చచ్చేదాకా పోదు.

ఇంజను ఆపితే కిందున్న మనిషికి గాలి ఆగిపోతుంది. ఆపకపోతే — అదే గాలి. ఆయన రెండూ చేయలేదు. చొక్కాతో, టోపీతో, తత్సుయె చేతిసంచి పడవలో పడేసి, ఉన్నపాటున నీళ్ళలోకి దూకాడు.

చినామి నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని చూస్తోంది. దిగాలని ఉంది. కాళ్ళు లేవు. నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగుదాకా కనిపిస్తోంది. కివ నాట్యం ఆగిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఇంకా కొద్దిగా పైకి లేచే ఉన్నాయి, ఎవరో పాట మధ్యలో ఆపేసినట్టు. ముసలాయన ఆమె వైపు దిగుతున్నాడు... మెల్లగా... ఎంత మెల్లగా...

పైకి తెచ్చాడు.

కివ నవ్వుతూనే ఉంది. ఊపిరి లేదు.

ఆయన ఆమె ఛాతీ నొక్కాడు. నోట్లో నోరు పెట్టి ఊదాడు. నొక్కాడు. ఊదాడు. చినామి పాక్కుంటూ వెళ్ళి ఇంజను ఆపింది. అప్పుడు వినబడింది ఆ నిశ్శబ్దం. దాని మధ్యలో తత్సుయె గొంతు, తడిగా, బొంగురుగా, ఒకే మాట.

"కివా... కివా... ఒసే కివా..."

రేవునుంచి సాయానికి పడవ వచ్చేలోపు ఊపిరి తిరిగి వచ్చింది.

ఊపిరి వచ్చింది. కివ రాలేదు.

*

మర్నాడు తెల్లారేసరికి చెవి అంచులు చల్లబడ్డాయి.

చెరకు తోటలు ఒక్కసారిగా ఒత్తిగిలాయి. మధ్యాహ్నానికి గద్దలు వచ్చాయి. వందలు. జనం వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారు. పిల్లలు వేళ్ళు చూపించి లెక్కపెట్టారు.

ఒక్క రోజు. ఒక్క రోజు ఆలస్యంగా వచ్చింది.

చినామి తలెత్తలేదు. రేవు పక్కనున్న ఆఫీసులో, ఇనుప కుర్చీలో, మామ పక్కన కూర్చుని ఉంది. ఎదురుగా తీరరక్షక దళం అధికారి. పెన్ను పట్టుకుని, మర్యాదగా, అలసటగా.

"ఇంజను పొగ మీకు తెలియలేదా అండీ?"

"తెలిసింది," అన్నాడు గెన్సే.

చినామి అటు తిరిగింది.

"వాసన వచ్చింది. మూడు రోజుల్నుంచీ వస్తోంది. ఏమవుతుందిలే అని ఊరుకున్నా. బద్ధకం." ఆయన అధికారి చేతిలో కాగితం కేసే చూస్తున్నాడు. "ఈ పిల్లకేం తెలియదు. కింద ఉంటుంది. పైన గాలి నాది."

అధికారి రాసుకున్నాడు. పెన్ను చప్పుడు. కిటికీ తలుపు ఉత్తరపు గాలికి టకటకమంటోంది.

ఊరుకుంటే సరిపోతుంది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకోవడం ఆమెకు వచ్చిన విద్యే.

"మా మామయ్యకు వాసన తెలియదండీ."

పెన్ను ఆగింది.

"జనవరినుంచీ తెలియదు. ఆ సంగతి నాకు తెలుసు. వాసన వచ్చింది నాకు. మొన్నా, నిన్నా... నాకే వచ్చింది."

"నోర్ముయ్యవే," అన్నాడు గెన్సే.

"నేనే చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. ఆ పెద్దావిడ రానంటే, చెయ్యి పట్టుకుని నేనే దింపాను."

"నోర్ముయ్యవే పిల్లా..."

రెండోసారి ఆ గొంతులో కోపం లేదు. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపుంచి మళ్ళీ తల మీద పెట్టుకున్నాడు. ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియనట్టు.

బయట మెట్ల మీద ఆమె కోసం ఆగలేదు. గాలికి ఎదురు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పడవను ఒడ్డుకు లాగి తాళ్ళు కట్టి, కాగితాలు అంటించారు. కేసు నడుస్తుందన్నారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. మునెకత ఒకసారి చినామి ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి, ఏదో అనబోయి, తల ఊపి వెళ్ళిపోయాడు. చినామి రోజూ మామ గుమ్మం ముందు గిన్నె పెట్టి వస్తుంది. మర్నాటికి గిన్నె కడిగి, బోర్లించి ఉంటుంది. తలుపు మూసి ఉంటుంది. లోపల రేడియో కూడా వినబడదు.

అక్కడినుంచి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్తుంది. మెట్ల దగ్గర నిలబడి, నడుము దాకా వంగి దండం పెడుతుంది. లోపలికి వెళ్ళదు. తిరిగి వచ్చేస్తుంది.

పది రోజులు.

పదకొండో రోజు వంగి లేచేసరికి ఎదురుగా తత్సుయె ఉంది. చేతిలో టీ సీసా. పది రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టుంది.

"నర్సులు చెప్పారు, ఎవరో రోజూ వచ్చి గోడకు దండం పెట్టి పోతున్నారని. నువ్వేనా?"

"నేనేనండీ."

"గోడ ఏం చేసింది నీకు? పైకి రా."

మూడో అంతస్తు. చివరి గది. కిటికీ మూసి ఉంది. అవతల ఉత్తరపు గాలికి తాటిమట్టలు జుట్టు విరబోసుకుని కొట్టుకుంటున్నాయి. చప్పుడు లేదు. గదిలో తెర కూడా కదలడం లేదు.

కివ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

కళ్ళు తెరిచి ఉంది.

"మొన్న తెరిచింది," అంది తత్సుయె. "తెరిచిన దగ్గరనుంచీ ఇదే. నన్ను చూసి నవ్వుతుంది. డాక్టర్ని చూసి నవ్వుతుంది. గోడను చూసి నవ్వుతుంది. తెలిసి నవ్వుతోందో తెలియక నవ్వుతోందో ఇప్పుడే చెప్పలేమంటున్నారు."

చినామి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"వాళ్ళకేం తెలుస్తుంది? మా కివ పుట్టినప్పటినుంచీ నవ్వుతూనే ఉంది. అమ్మ పోయిన రోజు కూడా, వచ్చినవాళ్ళకు టీలిస్తూ నవ్వింది, తిట్టించుకుంది. అరవై ఎనిమిదేళ్ళు చూశా. నాకన్నా తెలియాలిగా? తెలియట్లేదు." తత్సుయె టీ సీసా మూత తిప్పింది. మళ్ళీ బిగించింది. "నేను కింద ఏమీ చూడలేదు. నాకు గుర్తు లేదు. నువ్వు చూశావు."

"చూశానండీ."

"ముందు రోజునుంచే నీకు తెలుసట. ఆఫీసులో నువ్వే చెప్పావట."

"అవునండీ."

తత్సుయె తల ఊపింది. ఏ పాళ్ళలో ఊపిందో చినామికి అర్థం కాలేదు.

"అయితే నువ్వు అబద్ధం చెప్పవు, ఇప్పుడు. ఇటు రా. దగ్గరికొచ్చి చూడు. పొగ తలకెక్కి కింద నవ్విన నవ్వు... ఇదేనా?"

చినామి మంచం దగ్గరికి వచ్చింది. వంగి చూసింది.

కివ ఆమెను చూసి నవ్వింది. లేదా ఆమె వెనక ఉన్న గోడను చూసి. పెదాలు పాలిపోయాయి. కళ్ళు తేటగా ఉన్నాయి — గాలి నిలిచిన రోజు నీళ్ళలా, అడుగుదాకా. దుప్పటి మీద రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి ఉన్నాయి.

చాలాసేపు చూసింది.

"ఇదేనండీ," అంది చినామి.

తత్సుయె ఏడవలేదు. వెళ్ళమనలేదు. ఉండమనలేదు. మంచం పక్కన రెండో కుర్చీలో ఉన్న చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఖాళీ అయిన ఆ కుర్చీలో చినామి కూర్చుంది.

ఇద్దరూ ఆ నవ్వునే చూస్తున్నారు...

కిటికీ అవతల గాలి.